నాలుగో మేకు

పందెంలో ఉన్న రెండు పడవల వాళ్ళూ ఒకే దేవుడికి దణ్ణం పెట్టుకుంటే దేవుడు ఎవరి మాట వింటాడన్నది నా అనుమానం కాదు. అది దేవుడి తలనొప్పి, ఆయనే చూసుకుంటాడు. ఇన్నేళ్ళుగా నేను మోస్తున్న అనుమానం నా కళ్ళ గురించి.

ఆ ఏడు వంతెన కింద మా ఆయన పడవా మా అన్నయ్య పడవా గుద్దుకున్నప్పుడు నేను సరిగ్గా ఎదురుగా గట్టు మీద నిలబడి ఉన్నాను. కళ్ళు మాత్రం మూసుకుని ఉన్నాను. భక్తితో మూసుకున్నానా, భయంతో మూసుకున్నానా? దేవుణ్ణి అడుగుతూనే ఉన్నాను. ఆయన చెప్పడు.

ఈ ఉదయం ఆ అనుమానం మళ్ళీ వచ్చి నా పక్కన కూర్చుంది. బయట నది నిండుగా పారుతోంది. సాయంత్రం పందెం. ఇంట్లో తండ్రీ కూతుళ్ళకి మాటల్లేవు.

పిచ్చుక లాండ్రీ త్రాసు మీద నిలబడి బరువు చూసుకుంటోంది. మా ఇంటి ముందు గదే మా లాండ్రీ, ఆ త్రాసు దుప్పట్లు తూచేది. పిచ్చుక అంటే మా అమ్మాయి. ఒళ్ళు తేలిక కాబట్టి చిన్నప్పుడు ఆ పేరు పడింది, కాలేజీకి వెళ్ళినా వదల్లేదు. ఆయన గోడవైపు తిరిగి టీ తాగుతున్నారు. ఈ వారమంతా ఆయన టీలన్నీ గోడతోనే.

"అమ్మా, నాన్నకి చెప్పు. గ్లాసులో టీ అయిపోయి చాలాసేపైందని," అంది పిచ్చుక.

"నాకు కనబడుతోందని చెప్పు," అన్నారాయన గోడతో.

ఇద్దరి మధ్యా ఒక ఇస్త్రీ బల్ల దూరం. మధ్యలో నేను పోస్టాఫీసుని.

తప్పు ఎవరిదని అడిగితే నేను తేల్చలేను. ఏటేటా ఈ రోజుల్లో జరిగే పడవ పందేలకి మా ఊళ్ళో రెండు క్లబ్బులు పోటీ. మా ఆయనది ఎగువ రేవు. అక్కడి షెడ్డులోనే ఆయన పడవలు బాగుచేస్తారు. అన్నయ్యది దిగువ రేవు, కళ్ళజోళ్ళ దుకాణం. ఇద్దరికీ వయసు మీద పడ్డాక నలభై దాటినవాళ్ళ పందెంలోకి మారారు. పొట్టలు వచ్చాయి గానీ పంతాలు తగ్గలేదు.

వారం క్రితం దిగువ రేవు పడవకి చుక్కాని పట్టే మనిషి మోటార్ సైకిలు మీంచి పడి చేతికి కట్టు కట్టించుకున్నాడు. చుక్కాని మనిషి లేని పడవని పందెంలోకి దింపనివ్వరు. ఆ మనిషికి వయసు పట్టింపు లేదు, ఒళ్ళు తేలికైతే చాలు. అన్నయ్య ఒక పాత కోటు ఉతకడానికి ఇచ్చే నెపంతో మా లాండ్రీకి వచ్చి, కోటు బల్ల మీద పెట్టి, మేనకోడలి వంక చూశాడు. అతను అడగడం పూర్తి కాకముందే పిచ్చుక సరేనంది.

ఆయన షెడ్డు నుంచి వచ్చి విన్నారు. కేకలు వెయ్యలేదు. వేస్తే బాగుండేది.

"మా ఇంటి పిల్ల వాళ్ళ పడవలో కూర్చుని నన్ను ఓడిస్తుందా?" అని మాత్రం నన్ను అడిగారు.

దానికి పిచ్చుకే జవాబు చెప్పింది. "నీ పడవలో కూర్చుంటానని ఎన్నేళ్ళు అడిగాను నాన్నా? వచ్చే ఏడు చూద్దాం అన్నావు. నువ్వన్న వచ్చే ఏడులన్నీ వచ్చి వెళ్ళిపోయాయి."

అది నిజం. ఎగువ రేవు చుక్కాని మొదట్నుంచీ టైలరుగారిది. సన్నటి మనిషి, మా ఆయనకి పాత స్నేహితుడు. ఆయన్ని లెమ్మనడానికి మా ఆయనకి నోరు రాదు. కూతురికి లేదని చెప్పడానికీ నోరు రాదు. అందుకని వచ్చే ఏడు, వచ్చే ఏడు అంటూ వచ్చారు.

ఆనాటి నుంచి ఈ గోడ.

మామూలు పందెమైతే నేనింత కంగారుపడను. కానీ మా రెండు కుటుంబాల మధ్యా ఒక చొక్కా ఉంది.

పడవ పందేలు ఆడేవాళ్ళలో ఒక పద్ధతి. ఫైనల్లో ఓడినవాళ్ళు ఒడ్డుకి రాగానే ఒంటి మీది క్లబ్బు చొక్కా విప్పి, గెలిచిన పడవలో తన సీటులో కూర్చున్నవాడికి ఇవ్వాలి. కప్పుల మీద దుమ్ము పేరుకుంటుందేమో గానీ, గెలుచుకున్న చొక్కాలని మాత్రం క్లబ్బు గోడకి మేకులు కొట్టి తగిలిస్తారు. ఆ ఏడు మా ఆయన పడవ గెలిచింది. చుక్కాని మనిషి చొక్కా అతనే ఉంచుకుంటాడు కాబట్టి, తెడ్లు వేసే నలుగురి చొక్కాలకని ఎగువ రేవు గోడకి నాలుగు మేకులు కొట్టారు. మూడు చొక్కాలే వచ్చాయి. నాలుగోది అన్నయ్య ఇవ్వలేదు.

"మీ పడవ నా దారిలోకి వచ్చి గుద్దింది. అది గెలుపు కాదు. ఆ చొక్కా నేను బాకీ లేను," అన్నాడు.

"మా పడవ కదల్లేదు. నువ్వే వచ్చి గుద్దావు," అన్నారు మా ఆయన.

రిఫరీ మరో గట్టున ఉన్నాడు, పందెం చెల్లుతుందన్నాడు. చుక్కాని పట్టిన వాళ్ళిద్దరూ తమ పడవ తిన్నగానే వెళ్ళిందన్నారు. సొంత పడవవాడి మాట ఎవరు నమ్ముతారు? పైగా తెడ్లు వేసేవాళ్ళు వెళ్ళే దిక్కుకి వీపు పెట్టి కూర్చుంటారు. అంటే ముందు ఏముందో చూడనివాళ్ళిద్దరు, ముందు ఏం జరిగిందో అని ఇన్నేళ్ళుగా కొట్లాడుకుంటున్నారు.

ఇద్దరూ నమ్మే సాక్షి ఒక్కతే ఉంది. అప్పటికి నాకు కొత్తగా పెళ్ళయింది. ఒక పడవలో మొగుడు, ఒక పడవలో అన్న. నేను చూడలేదన్నాను. ఆయన నేను పుట్టింటిని కాపాడుతున్నాననుకున్నారు. అన్నయ్య నేను మొగుణ్ణి కాపాడుతున్నాననుకున్నాడు. కళ్ళు మూసుకున్నానంటే ఇద్దరూ ఒకేలా నవ్వారు.

అలాగని రాకపోకలు ఆగలేదు. వస్తారు, తింటారు, ఒకరి మీద ఒకరు జోకులు వేసుకుంటారు. ఆయన కళ్ళజోడు అన్నయ్యే చేస్తాడు, అన్నయ్య పడవకి చెక్క ఆయనే వేస్తారు. ఒక్క ఆ మేకు మాత్రం ఖాళీ. ఏటా పందెం నాడు మా ఆయన దాని మీద తన టోపీ తగిలించి వస్తారు.

ఈ ఏడు నది మళ్ళీ ఆనాటిలాగే పొంగి ఉంది. నిన్న చీటీలు వేస్తే వంతెన స్తంభం పక్క దారి మళ్ళీ అన్నయ్య పడవకే వచ్చింది. ఈసారి గుద్దుకుంటే చుక్కాని తాళ్ళు నా కూతురి చేతుల్లో ఉంటాయి. అప్పుడు తగువు గట్టు మీద ఆగదు. నా వంటింట్లోకి వస్తుంది.

పిచ్చుక త్రాసు దిగి చెప్పులు వేసుకుంది. నేను దేవుడి అర ముందు నిలబడి, ఎవరూ గెలవకపోయినా ఫరవాలేదు తండ్రీ అని చెప్పుకుంటున్నాను. అలాంటి పందెం ఉండదని నాకూ తెలుసు.

గుమ్మం దగ్గర ఆయన గొంతు వినబడింది. గోడతో కాదు.

"వంతెన నీడ పడవ ముక్కు మీద పడగానే ఎడం తాడు లాగు."

పిచ్చుక ఆగింది. "ఎడమంటే స్తంభం వైపు నాన్నా."

"అవును, స్తంభం వైపే. వెళ్ళి గుద్దుకుంటావనిపిస్తుంది. గుద్దుకోవు. నది పొంగినప్పుడు స్తంభానికి తగిలిన నీళ్ళు పక్కకి తన్నుతాయి. ముందే అటు పట్టి ఉంచకపోతే అవి నిన్ను పట్టుకెళ్ళి మా పడవ మీద పడేస్తాయి. పడవ అదిరాక లాగితే లాభం లేదు. నీడ పడగానే."

"ఇది మామయ్యకి చెప్పనా?"

"తెడ్లు వేసేవాడికెందుకు? చుక్కాని నీది."

అంత మాట ఆయన నోటి నుంచి రావడం అదే మొదలు. పిల్ల వెనక్కి వచ్చి తండ్రి చేతిలోని ఖాళీ గ్లాసు తీసుకెళ్ళి, టీ పోసి తెచ్చి ఇచ్చి వెళ్ళింది.

నేను ఆయన వంక చూశాను. ఆనాటి పందెం తరవాత ఆయన అస్తమానం ఆ వంతెన మీద నిలబడి కాగితం ముక్కలు నీళ్ళల్లోకి వదిలేవారు. అలిగారనుకున్నాను. అలకే కావచ్చు. ఆ అలకలో ఇంత పని జరిగిందని నాకు తెలియదు.

"పిల్ల అలా చేస్తే మీరు ఓడిపోవచ్చు కదండీ," అన్నాను.

"ఓడిపోతే పోతాం. గుద్దుకుంటే నీళ్ళల్లో పడేది అది," అని టీ తాగారు. ఈసారి వీధివైపు తిరిగి.

*

సాయంత్రానికి గట్లన్నీ జనంతో నిండిపోయాయి. స్కూలు బ్యాండు వాయిస్తోంది, ఐస్‌క్రీం బళ్ళ దగ్గర పిల్లలు తోసుకుంటున్నారు. నేను ఎప్పుడూ నిలబడే చోటే నిలబడ్డాను. పక్కన వదిన, చేతిలో గుడ్డ సంచితో. ఏటా ఆ సంచి తెస్తుంది. మంచినీళ్ళ సీసా ఉంటుందనుకునేదాన్ని.

వదిన అన్నయ్య మోకాళ్ళ గురించి చెబుతోంది. రాత్రి ఒక నూనె రాయించుకున్నాడట, పొద్దున్న ఇంకో నూనె రాయించుకున్నాడట, ఇప్పుడు రెండూ కలిసి పడవంతా వాసన కొడుతోందట. "ఆ వాసనకే మీ వాళ్ళు వెనకపడతారు చూడు," అంది. నవ్వు రావలసిన మాటే. నేను వంతెన వైపే చూస్తున్నాను.

పందెం మొదలుపెట్టే తుపాకీ చప్పుడు దూరంగా వినబడింది.

మలుపు తిరిగాక పడవలు కనబడ్డాయి. ఆకుపచ్చ చొక్కాలు మావి, ఎరుపు వాళ్ళవి. రెండూ ఇంచుమించు సమానం. ఎర్ర చొక్కాల వెనకాల, మొహం మావైపు ఉన్న ఒకే ఒక మనిషి, చిన్నది, నా కూతురు. రెండు చేతుల్లో రెండు తాళ్ళు. దాని ఎదురుగా మోకాళ్ళకి మోకాళ్ళు తగిలేలా మా అన్నయ్య, మాకు వీపు పెట్టి, తెడ్డు వేస్తున్నాడు.

వంతెన దగ్గర పడింది. నా చేతులు వాటంతటవే దగ్గరకి వచ్చాయి, రెప్పలు బరువెక్కాయి. ఇన్నేళ్ళ అలవాటు. తండ్రీ, ఈసారి తెరిచే అడుగుతాను, ఏమనుకోకు అన్నాను.

నీడ పడవ ముక్కు మీద పడింది. పిచ్చుక ఎడం మోచెయ్యి వెనక్కి వెళ్ళింది.

పడవ ముక్కు స్తంభం వైపు తిరిగింది. గట్టు మీద జనం ఒక్కసారిగా ఊపిరి పీల్చిన చప్పుడు. వదిన నా చెయ్యి పట్టుకుని గట్టిగా గిల్లింది. రాతి స్తంభం, దాని మొదట్లో తెల్లటి నురగ, దాని మీదకి నా బిడ్డ. నేను చూస్తూనే ఉన్నాను.

అప్పుడు నీళ్ళు కనబడ్డాయి. స్తంభానికి కొట్టుకుని, నున్నగా ఉబికి, మనిషి భుజంతో తోసినట్టు పడవని పక్కకి తోశాయి. పడవ ఒక్కసారి అదిరింది. అటు వెళ్ళలేదు, ఇటు రాలేదు. తిన్నగా వంతెన కింది నుంచి బయటికి వచ్చింది. పక్కనే ఆకుపచ్చ తెడ్లు, ఎర్ర తెడ్లు, మధ్యలో రెండు మూరల నీళ్ళు ఖాళీగా మెరుస్తూ.

ఎవరూ ఎవర్నీ తాకలేదు.

ఆ తరవాత ఎవరు గెలిచినా నాకు ఒకటే అనుకున్నాను. కానీ పిచ్చుక గొంతు నీళ్ళ మీదుగా వినబడుతుంటే నేనూ వదినా గట్టు వెంట చీరలు ఎగ్గట్టి పరుగెత్తాం. ఎర్ర పడవ కొద్దిలో గెలిచింది.

*

రేవు మెట్ల దగ్గరికి మేము వెళ్ళేసరికి మా ఆయన పడవ దిగి చొక్కా విప్పేస్తున్నారు. ఎవరూ అడగలేదు. తడిసిన చొక్కా తల మీంచి లాగి, పిండి, దులిపి, నీట్‌గా మడిచి, అన్నయ్య చేతిలో పెట్టారు. బనియనులో పొట్ట ముందుకి వచ్చి ఆయన మామూలు కంటే చిన్నగా కనబడ్డారు. మొహం మాత్రం ప్రశాంతంగా ఉంది.

టైలరుగారు తన చొక్కా పిచ్చుకకి ఇచ్చారు. దాన్ని ఆయనే కుట్టుకున్నారు. "భుజాలు రెండు వేళ్ళు లోపలికి తీసి ఇస్తానమ్మా," అన్నారు. పిచ్చుక రెండు చేతులతో అందుకుంది.

అన్నయ్య మాత్రం గెలిచిన మనిషిలా లేడు. మెట్టు మీద కూర్చుని మేనకోడలి వంకే చూస్తున్నాడు.

"స్తంభం వైపు తిప్పావెందుకే? నా గుండె ఆగినంత పనైంది."

"నీకెలా కనబడింది మామయ్యా? నువ్వు వెనక్కి తిరిగి కూర్చున్నావుగా."

"నీ చెయ్యి కనబడింది. తరవాత నా సీటు కింద నీళ్ళు తన్నడం తెలిసింది." గొంతు తగ్గించాడు. "అదే తన్ను. ఆ ఏడు కూడా అలాగే తన్నింది. మీ నాన్న తెడ్డు తగిలిందనుకున్నాను. అటు తిప్పాలని నీకెవరు చెప్పారు?"

"నాన్న. పొద్దున్న."

అన్నయ్య తలెత్తాడు. మా ఆయన పక్కకి తిరిగి తెడ్లు తుడవడం మొదలుపెట్టారు. అవి అప్పటికే తుడిచేశారు.

"బావా, నీకెప్పట్నుంచి తెలుసు?"

"ఆ ఏడే, నది తగ్గకముందు వెళ్ళి చూశాను."

"మరి చెప్పలేదేం?"

"చెప్తే చొక్కా కోసం చెప్పినట్టుంటుంది బావా."

 బ్యాండువాళ్ళు అప్పుడే ఆపాలా? అన్నయ్య నావైపు తిరిగాడు. నాకు ఆనాటి ప్రశ్నే ఎదురవుతుందని తెలుసు.

"నువ్వు చూశావా?"

"చూశాను అన్నయ్యా. ఈసారి కళ్ళు తెరిచే ఉన్నాను."

"ఏం చూశావు?"

"పిల్ల స్తంభం వైపు తిప్పింది. పడవ అటు వెళ్ళలేదు. నీళ్ళు ఇటు తోశాయి, అది అటు పట్టి ఉంచింది."

"పట్టి ఉంచకపోతే?"

"మీ పడవ మా పడవ మీదకి వచ్చేది. అందులో నీ తప్పేం ఉండేది కాదు."

అంటున్నప్పుడే నాకు ఒక సంగతి తట్టింది. ఆ రోజు నేను కళ్ళు తెరిచి ఉంటే ఒక పడవ మరో పడవ మీదకి రావడం చూసి ఉండేదాన్ని, అదే చెప్పి ఉండేదాన్ని. నీళ్ళని చూసి ఉండేదాన్ని కాదు. నా మాటతో అన్నయ్య తప్పుడు మనిషయ్యేవాడు, రాకపోకలు ఆ రోజే తెగిపోయేవి. కళ్ళు నేనే మూసుకున్నానా, ఎవరైనా మూశారా? ఏమో. అనుమానం తీరిందనలేను గానీ, మొయ్యడానికి తేలికయింది.

వదిన ముందుకొచ్చి గుడ్డ సంచి అన్నయ్య ఒళ్ళో పెట్టింది.

"ఇంక తియ్యండి. ఏటా నాతో మోయిస్తారు, ఏటా మళ్ళీ ఇంటికి పట్టుకొస్తారు. నా భుజం పోతోంది."

సంచిలో మంచినీళ్ళ సీసా లేదు. పాత ఎర్ర చొక్కా ఉంది. రంగు వెలిసింది, కాలరు మడత తప్పుగా ఉంది. ఇస్త్రీ మా లాండ్రీది కాదని చూడగానే తెలిసింది. ఏటా ఇంట్లోనే దొంగచాటుగా చేసుకున్నట్టున్నాడు. అంటే ఇవ్వకూడదన్న పంతమూ, ఇవ్వాలన్న మనసూ రెండూ ఆ సంచిలోనే వస్తూ పోతూ ఉన్నాయన్నమాట.

"నేను గెలిచిన రోజు ఇస్తున్నాను, అది గుర్తుపెట్టుకో బావా," అన్నాడు అన్నయ్య.  లేచి నిలబడి, పద్ధతి ప్రకారం రెండు చేతులతో ఇచ్చాడు.

మా ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. మేకు కోసం దాచుకుంటారనుకున్నాను. నది మీంచి చల్లగాలి వేసింది. ఒంటి మీద తడి బనియను తప్ప ఏమీ లేదాయె, అక్కడికక్కడే తొడుక్కున్నారు. ఒక్క బొత్తామూ పడలేదు. పొట్ట మీద రెండు వైపులా ఎర్ర తెరల్లా వేలాడింది.

"టైలరుగారూ, దీనికేమైనా చెయ్యగలరా?" అని వదిన అడిగితే, కొత్త పొట్ట కుట్టడం తనకి రాదన్నారాయన.

అందరూ నవ్వుతుంటే టైలరుగారు పిచ్చుక వంక తిరిగి, నా కళ్ళు మునుపటిలా లేవమ్మా, వచ్చే ఏడు మా చుక్కాని నువ్వు పట్టాలి అన్నారు. మా ఆయన చప్పున తల తిప్పారు. అన్నయ్య వెంటనే, కళ్ళదేముంది, రేపు దుకాణానికి రండి, మంచి జోడు చేసిస్తాను, పిల్ల మా దగ్గరే ఉంటుంది అన్నాడు. ఇద్దరు బావలూ పిచ్చుక జవాబు కోసం ఎదురుచూశారు.

అది ఆకుపచ్చ చొక్కా భుజాన వేసుకుని, పడవ నుంచి ఊడదీసిన చుక్కాని చంకలో పెట్టుకుని మెట్లెక్కి వెళ్ళిపోయింది. 

మా ఆయన దాని వెనకాల కొంతసేపు చూసి, అన్నయ్యవైపు తిరిగి, వెలిసిన ఎర్ర చొక్కా అంచులు రెండూ దగ్గరకి లాక్కున్నారు.

"ముట్టింది బావా," అన్నారు.